ఏపీపీకి మనం ఫీజు ఇవ్వాలా?

అక్కా, మీ ప్రశ్న ఇదీ: చెల్లెలి 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల) కేసులో ఏపీపీ, అంటే ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, మళ్లీ మారారు, కొత్తాయన ఫైలు చదవలేదు, విడిగా ఫీజు ఇస్తే బాగా వాదిస్తారని ఎవరో అంటున్నారు, ప్రభుత్వం వీళ్లకు జీతం, ట్రైనింగ్ ఇవ్వదా అని.

రూపాయి కూడా ఇవ్వకండి. ఆయనకు జీతం ప్రభుత్వమే ఇస్తుంది, మీరిచ్చేది లంచమే అవుతుంది.

నేను తిరుపతి వైపు కోర్టు కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాను. సమన్లు, సీడీ (కేస్ డైరీ) ఫైళ్లు పట్టుకుని ఏపీపీల వెంట తిరగడమే నా పని. మెజిస్ట్రేట్ కోర్టు ఏపీపీలు క్రిమినల్ ప్రాక్టీసు చేసి, పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి వస్తారు. బోర్డు పేరు చూసి పోలీసుల మనిషి అనుకోవద్దు. వీళ్లు పోలీసు శాఖ కింద ఉండకూడదని 1995లోనే షహానే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పై స్థాయి సెషన్స్ కోర్టు పీపీల్లో (పబ్లిక్ ప్రాసిక్యూటర్లలో) కొందరు ప్రమోషన్ మీద వస్తారు, కొందరిని బార్ నుంచి, అంటే బయట ప్రాక్టీసు చేసే లాయర్లలోంచి వేస్తారు. ప్రభుత్వం మారితే ఆ రెండో రకం వాళ్లు మారడం మనకు కొత్తేమీ కాదు.

జీతం వస్తుంది సరే, పని చేయడానికి కావలసినవి రావు. నేను చూసిన ఒక కోర్టులో ఏపీపీకి గుమాస్తా లేడు, జిరాక్సులకు సొంత డబ్బే, పైగా ఇంకో కోర్టుకు ఇన్‌ఛార్జి. పొద్దున కాల్ వర్క్ (కేసులు పిలవడం) మొదలయ్యేలోపు సాక్షికి 161 స్టేట్‌మెంట్, అంటే పోలీసులకు తను చెప్పిన వాంగ్మూలం, గుర్తుచేసే తీరిక ఎక్కడిది? పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలు), రేప్ కేసుల ఫాస్ట్‌ట్రాక్ కోర్టులకు నిర్భయ నిధి నుంచి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెడుతున్నాయి. ఆ స్కీములో జీతాల లెక్క ఒక జడ్జికి, ఏడుగురు సిబ్బందికి. ప్రాసిక్యూటర్‌ను ఆ లెక్కలో కలపకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ట్రైనింగ్ ఉద్యోగంలో చేరినప్పుడు ఉంటుంది, తర్వాత అడపాదడపా క్లాసులు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి, అవన్నీ మళ్లీ నేర్చుకోవాలి. ఫోన్ వీడియో సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం (సాక్ష్య అధినియమ్) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్, అందులో హాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) ఉండాలి. తిరుపతిలో ఎర్రచందనం కేసులకు ప్రత్యేక కోర్టే ఉంది. పట్టుబడిన దుంగ ఎర్రచందనమేనని, స్వాధీనం చేసుకున్నది ఆ దుంగనేనని సాక్షి చేత తడబడకుండా చెప్పించడం ఒక విద్య. సీనియర్ పక్కన కూర్చుంటేనే అది పట్టుబడుతుంది. క్లాసులో పీపీటీ స్లైడ్లు చూసి వచ్చినవాళ్లను క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ (నిందితుడి తరఫు) లాయర్లు ఆడుకోవడం చాలాసార్లు చూశాను.

మీ చెల్లెలికి లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు, 15100కి ఫోన్ చేయండి. ఆ లాయరు ఏపీపీకి సాయంగా ఉండొచ్చు, కోర్టు అనుమతిస్తే చివర్లో రాతపూర్వక వాదన కూడా ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, స్టేట్‌మెంట్ల కాపీలు ఒక సెట్టు మీ దగ్గరే ఉంచుకోండి, ఏపీపీ మారినప్పుడల్లా ఇంకో సెట్టు తీసి ఇవ్వండి. కలవాల్సింది వాయిదా రోజు పొద్దున కాదు, ముందురోజు సాయంత్రం కోర్టు అయ్యాక. ఆయన ఆ రోజు ఏ కోర్టులో ఉంటారో మీ స్టేషన్ కోర్టు కానిస్టేబుల్‌ను అడగండి, అతనికి తెలుస్తుంది.