త్రీడీ బొమ్మల్లో మీ ఇంటివాళ్లు ఎక్కడ?

ప్రశ్న: మియాపూర్‌లో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం. ఇంటీరియర్ పని ఇంకా మొదలుకాలేదు. డిజైనర్ ఇచ్చిన త్రీడీ బొమ్మలు, ప్లాను దీంతో పంపుతున్నాను. అన్నీ తెల్లగా మెరుస్తూ హోటల్ గదుల్లా ఉన్నాయి. చుట్టాలంతా బాగుందంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. మా అత్తగారికి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా కూరగాయలు ఆవిడే తరుగుతారు. మావారు రిటైరయ్యారు, పాత వాల్వు రేడియోలు సేకరించి బాగుచేస్తుంటారు. అమ్మాయి అమెరికా కంపెనీకి రాత్రి షిఫ్టు ఇంటి నుంచే చేస్తుంది. నేను బ్లౌజులు కుడతాను, ఆడవాళ్లు వచ్చి పోతుంటారు. నా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. తెలియనితనంతో మంచి డిజైన్‌కి అడ్డుపడుతున్నానా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు అడ్డుపడటం లేదు. మీ నలుగురి గురించి మీరు రాసిన ఆ కాసిని మాటలూ డిజైనర్‌కి మొదటి రోజే చెప్పి ఉంటే, ఆయన అడిగి ఉంటే, ఈ బొమ్మలు వేరేగా వచ్చేవి. ప్లాను రెండుసార్లు చూశాను. హాల్లో 9 అడుగుల టీవీ యూనిట్ ఉంది. అక్కడ రేడియోలకు చోటు లేదు, కుట్టుమిషన్‌కు ఎక్కడా చోటు లేదు. మీ అత్తగారు కూర్చుని కూరగాయలు తరిగే చోటూ లేదు.

ముందు వంటగది సంగతి. ప్లానులో మీ గట్టు ఎత్తు 34 అంగుళాలు అని రాశారు. అది ఎవరి ఎత్తును బట్టి పెట్టారో అడగండి. చెప్పులు లేకుండా నిలబడి మోచేయి మడవండి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులో 4 అంగుళాలు తీసేస్తే మీరు నడుం వంచకుండా, భుజాలు ఎత్తకుండా పని చేసుకునే ఎత్తు వస్తుంది. మీకు 32, 33 దగ్గర తేలుతుందని నా అంచనా. స్టవ్ దగ్గర ఇంకా తగ్గించాలి. గట్టు మీద స్టవ్, దాని మీద గిన్నె పెట్టాక లోపల గరిట తిప్పాలంటే మీ చెయ్యి ఎక్కడికి లేస్తుందో ఊహించుకోండి. స్టవ్ ఉండే మూడడుగుల మేర గట్టును 28, 29కి దించమనండి. రాయి రెండు మెట్లుగా వస్తే చూడ్డానికి బాగుండదని అంటారు. రోజూ మూడు పూటలా అక్కడ నిలబడేది మీరు, కాబట్టి మీ మాటే నెగ్గాలి.

ఇప్పటి మాడ్యులర్ కిచెన్‌కు మూలం 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టిన కార్మికుల ఇళ్లలో ఉంది. మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్, ఆడవాళ్లు వంటింట్లో వేసే అడుగులు ఎలా తగ్గించాలా అని లెక్కలు వేసి, సుమారు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవులో అంతా అమర్చింది. గొప్ప పనే. కాకపోతే అది ఒక్క మనిషి వండుకునే వంటగది. మీ ఇంట్లో ఇద్దరు. మీరు పోపు వేస్తుంటే మీ అత్తగారు పక్కనే బీరకాయలు చెక్కు తీస్తుంటారు. ఆవిడ ఇక కత్తిపీట ముందు కింద కూర్చోలేరు కాబట్టి కిటికీ పక్కన 28 అంగుళాల ఎత్తులో చిన్న బల్ల, చేతులున్న కుర్చీ వేయించండి. చేతుల మీద భారం వేసి లేవడానికి అది ముఖ్యం. ఆవిడ కుర్చీ వెనక నుంచి మీరు గిన్నె పట్టుకుని పోవాలి, మూడున్నర అడుగులైనా వదలండి.

ఇంకోటి. డ్రాయింగులో అన్నీ సొరుగులే ఉన్నాయి. 25 కిలోల బియ్యం బస్తా ఏ సొరుగులో పడుతుంది? ఆవకాయ జాడీ ఎక్కడ పెడతారు? అడుగున ఒక అరను సొరుగు లేకుండా తలుపుతో వదిలేయమనండి.

డ్రాయింగులో మీవారి రేడియోలను అటక మీదికి తోసేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది. టీవీ యూనిట్ అనుకున్న గోడ మొత్తం ఆయనకు ఇచ్చేయండి, టీవీ ఓ పక్కన ఉంటుంది. వాల్వు సెట్లు వేడెక్కుతాయి, అందుకని అరలకు వెనక చెక్క వద్దు, అద్దాల తలుపులూ వద్దు. ప్రతి అరకూ ప్లగ్ పాయింటు ఉండాలి. కింద సోల్డరింగ్ చేసుకునేంత బల్ల. వచ్చినవాళ్లు ముందు ఆ గోడ దగ్గరే ఆగుతారు, మాట అక్కడే మొదలవుతుంది.

గుమ్మం పక్కన గెస్ట్ రూమ్ అని రాసిన గది మీ కుట్టుగది కావాలి. బ్లౌజు ఆదికి వచ్చినవాళ్లు ఇల్లంతా దాటి లోపలికి రానక్కర్లేదు. ఉత్తరం కిటికీ కూడా అక్కడే ఉంది, ఎండ నేరుగా పెద్దగా పడకుండా రోజంతా దాదాపు ఒకే రకం వెలుతురు వస్తుంది, దారం రంగు కలిపి చూసుకోవచ్చు. కుడిచేతివాటం అయితే వెలుతురు ఎడమ నుంచి వచ్చేలా మిషన్ వేయండి. అమ్మాయి పగలు నిద్రపోవాలి కనుక ఆమెకు మిక్సీకి, మిషన్‌కు దూరంగా చివరి గది ఇవ్వండి. మందపాటి కర్టెన్లు చాలు.

ఫాల్స్ సీలింగ్ డబ్బులు మీ అత్తగారి బాత్రూముకు మళ్లించండి. ఈ విషయంలో మొహమాటపడకండి. మెరిసే టైల్స్ వద్దు, గరుకువి వేయించండి. కమోడ్ పక్కన, షవర్ దగ్గర స్టీలు పట్టుకడ్డీలు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో పెట్టించండి. మీ గోడలు తేలిక ఇటుకలవైతే మామూలు స్క్రూలు మనిషి బరువు ఆపలేవు, వాటికి సరిపడే ఫాస్టెనర్లు అడగండి. తెల్ల నేల మీద తెల్ల గడప ఆవిడ కంటికి ఆనదు, అరవై దాటిన కంట్లోకి ఇరవై ఏళ్ల కంట్లోకి వెళ్లే వెలుతురులో మూడో వంతే వెళ్తుంది. గడపకు ముదురు రంగు రాయి వేయించండి.

ప్లైవుడ్ ఆర్డర్ ఇవ్వకముందే ఒక ఆదివారం నలుగురూ ఫ్లాట్‌కి వెళ్లండి. సుద్దముక్కతో నేల మీద మంచాలు, బల్లలు, అరలు అసలు కొలతలతో గీయండి. అత్తగారిని మంచం గీత దగ్గర నుంచి బాత్రూము దాకా నడవమనండి, మీరు స్టవ్ గీత ముందు నిలబడి చూడండి. ఎక్కడ ఇరుకనిపిస్తే అక్కడ కొత్త కొలత రాసుకుని డిజైనర్‌కు పంపండి. డ్రాయింగ్ మళ్లీ వేయడానికి ఆయన అదనంగా అడిగితే ఇచ్చేయండి.