రాజీ అయిన కేసు గురించి ఇంటర్వ్యూలో అడిగితే?

ప్రశ్న: 2019లో మా ఊరి తిరునాళ్లలో జరిగిన గొడవలో నా మీద ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం), 506 (బెదిరించడం) సెక్షన్ల కింద కేసు పెట్టారు. అప్పుడు నాకు 20 ఏళ్లు. 2021లో లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఇప్పుడు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. ఫారంలో కేసుల వివరాలు అడిగారు. ‘పోయిన కేసే కదా, లేదని రాసెయ్’ అంటున్నారు ఇంట్లో. ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూ కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: ‘లేదు’ అని మాత్రం రాయకండి. మీ వాళ్లు మీ మేలు కోరే అంటున్నారు. కానీ కేసు వల్ల కాక, కేసును దాచడం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాళ్లను చూశాను.

రాజీ పడితే చట్టప్రకారం నిర్దోషిగా విడుదలైనట్టే. మీకు శిక్ష పడలేదు. అయితే కేసు నమోదైన సంగతి చెరిగిపోదు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, విచారణకు వచ్చే పోలీసులు చూసేది దాన్నే. అందుకే ప్రశ్నను రెండుసార్లు చదవండి. ‘శిక్ష పడిందా?’ అంటే లేదు. ‘ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా?’ అంటే, జరిగింది జరిగినట్టు రాయండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, రాజీ తేదీ రాసి, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ జతచేయండి.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయం తేల్చింది. అభ్యర్థి నిజమే చెప్పాలి. చిన్న నేరమైతే దాచినా యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చు. ఫారంలో స్పష్టంగా అడగని విషయాన్ని దాచారని నింద వేయకూడదు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, ఆ సంగతి మీకు ముందే చెప్పడం నా బాధ్యత.

‘దాచినవాళ్లకూ కోర్టు ఉద్యోగం ఇప్పించింది కదా’ అని ఎవరైనా అనవచ్చు. నిజమే. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ పోస్టుకు 1999లో దరఖాస్తు చేసిన ఒక యువకుడిది దాదాపు మీలాంటి కేసే. కుర్రతనంలో జరిగిన తప్పని సుప్రీంకోర్టు మన్నించింది. ఆ తీర్పు 2011లో వచ్చింది. అన్నేళ్లు మీరు కోర్టుల చుట్టూ తిరగగలరా?

ప్రైవేటు కంపెనీలో అడగనిదే మీ అంతట మీరు చెప్పుకోనక్కర్లేదు. అడిగితే మాత్రం అబద్ధం వద్దు. ఆఫర్ లెటర్‌లో తప్పుడు సమాచారమిస్తే తీసేస్తామని సాధారణంగా ఉంటుంది. ‘ఇరవై ఏళ్లప్పుడు ఊళ్లో గొడవ జరిగింది సార్, కేసయింది, 2021లో రాజీ పడ్డాం, కాగితాలు తెచ్చాను’ అనండి. అక్కడితో ఆగండి. తప్పు అవతలివాళ్లదని వాదన మొదలుపెడితే చిన్న గొడవ పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పటికే లేదని రాసి పంపేసి ఉంటే, ఈ వారంలోనే సరిచేస్తూ నియామక బోర్డుకు లేఖ రాసి, అందినట్టు రసీదు తీసుకోండి. అన్నీ చెప్పినా కారణం చూపకుండా తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు పట్టుకుని హైకోర్టులో రిట్ వేయవచ్చు.