మాత్ర మనది, మూలం ఎవరిది?

ఈ నెల అందిన ఉత్తరాలలో మందుల తయారీని గురించి కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చిన మూడింటిని ఎంచుకున్నాము. మొదటి జవాబు లేకుండా మిగిలిన రెండూ పూర్తిగా అర్థం కావు కనుక పాఠకులు వరుసగా చదవాలని కోరుతున్నాము.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా ఆదోనిలో మందుల దుకాణం నడుపుతున్నాను. అమాక్సిసిలిన్ స్ట్రిప్పు మీద మన దేశంలోనే తయారైనట్టు ముద్రించి ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు మాత్రం చైనా నుంచి ముడిసరుకు రాకపోతే మన మందులు ఆగిపోతాయని అందరూ భయపడ్డారు. ఈ రెండింటిలో ఏది నిజం?
– మందుల దుకాణం యజమాని, ఆదోని

జవాబు: రెండూ నిజమేనండీ. మీరు అమ్మే గొట్టంలో, అంటే క్యాప్సూల్‌లో, పొడి నింపి, పరీక్షించి, స్ట్రిప్పులో బిగించే పని మన దేశంలోనే జరుగుతుంది. ఆ పొడి ఎక్కడిదని వెనక్కి వెళ్తే కథ మారుతుంది. అమాక్సిసిలిన్‌కు ముందు మెట్టు 6-ఏపీఏ అనే పదార్థం, దానికి ముందు మెట్టు పెన్సిలిన్-జి. ఈ పెన్సిలిన్-జి రసాయనాలు కలిపితే వచ్చేది కాదు. లక్ష లీటర్లకు పైబడిన పెద్ద పెద్ద ట్యాంకులలో చక్కెర ద్రావణం పోసి, అందులో ఒక రకం బూజును పెంచి, సూక్ష్మజీవులు లేని గాలిని రాత్రింబవళ్లు ఊదుతూ, రోజుల తరబడి పులియబెడితే వస్తుంది. మధ్యలో కరెంటు పోయి గాలి ఆగినా, ఒక పరాయి సూక్ష్మజీవి లోపలికి చొరబడినా, ట్యాంకు మొత్తం పారబోసుకోవలసిందే.

ఈ విద్య మనకు ఒకప్పుడు బాగా తెలుసు. 1954లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల సహాయంతో పుణె దగ్గరి పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. 1961లో సోవియట్ సహకారంతో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ ఔషధ సంస్థ పుట్టి, ఋషీకేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారాన్ని, హైదరాబాదు బాలానగర్‌లో రసాయన ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పింది. 1990ల తరువాత చైనా మనకంటే ఎన్నో రెట్లు పెద్ద ట్యాంకులతో, చౌక విద్యుత్తుతో, ప్రభుత్వ అండతో పెన్సిలిన్-జిని మనం పోటీపడలేని ధరకు పంపడం మొదలుపెట్టింది. పొడిని కొని మాత్రలుగా, గొట్టాలుగా మార్చే మన ఫార్ములేషన్ కంపెనీలు చౌకైన దానినే కొన్నాయి. అందుకు వాటిని నిందించడం న్యాయం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ చౌకదనంలో కొంత భాగం మీ దుకాణానికి వచ్చే రోగికి కూడా చేరింది. కానీ మన పులియబెట్టే ట్యాంకులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ట్యాంకులను డబ్బుంటే మళ్లీ కట్టుకోవచ్చు. వాటితోపాటు పోయిన నేర్పును తిరిగి తెచ్చుకోవడమే కష్టం. పెన్సిలిన్ పరిశ్రమకు మూలమైన బూజు 1943లో అమెరికాలోని పియోరియా పట్టణంలో కుళ్లిన ఒక ఖర్బూజా మీద దొరికింది. దానిలో ఎక్కువ దిగుబడి ఇచ్చే వంశాన్ని తరం తరువాత తరంగా ఏరుకుంటూ, పోషకాలను మారుస్తూ వచ్చిన దశాబ్దాల శ్రమ వల్లనే ఈనాటి ధర సాధ్యమైంది. నవకల్పన అంటే కొత్త అణువును కనిపెట్టడమేనని చాలామంది అనుకుంటారు. పాత మందును కిలోకు కొన్ని రూపాయలు తక్కువ ఖర్చుతో తయారుచేయగలగడం కూడా నవకల్పనే, పేద దేశానికి మరీ ముఖ్యమైన నవకల్పన. ఆ పని రోజూ జరిగే చోటనే మనుషుల చేతుల్లో నిలుస్తుంది; కర్మాగారం మూసేస్తే ఆ చేతులు వేరే పనికి వెళ్లిపోతాయి.

2020లో కేంద్ర ప్రభుత్వం ముడి ఔషధాల ఉత్పత్తికి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ప్రకటించింది. దాని కింద కాకినాడ దగ్గర ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ప్రారంభమైంది. దిగుమతి సరుకు ధర ఉన్నట్టుండి పడిపోయినప్పుడు కూడా ఇటువంటి కర్మాగారం నిలబడాలంటే, స్వదేశీ పొడికి కాస్త ఎక్కువ ధర చెల్లించడానికి ఎవరో ఒకరు సిద్ధపడాలి. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే సంస్థలే ఆ భారాన్ని మోయాలని, దానిని మీ కౌంటరు దగ్గర నిలబడే రోగి మీద మోపకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: నేను అనంతపురంలో బి.ఫార్మసీ చదువుతున్నాను. ఆఫ్రికా దేశాలు తమ మందులను తామే తయారుచేసుకోవాలని ప్రయత్నిస్తున్నాయని చదివాను. హైదరాబాదు నడిచిన దారిలోనే నడిస్తే వాళ్లకూ సాధ్యమవుతుందా?
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఆ దారిలో సగం ఇప్పుడు మూసి ఉందమ్మా. మన 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమలులోకి వచ్చినప్పుడు, మందు మీద కాక దానిని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందును తయారుచేస్తే తప్పు కాదన్నమాట. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికి వచ్చి సొంత సంస్థలు పెట్టుకోగలిగింది ఆ వెసులుబాటు వల్లనే. 1984లో తన పేరుతో కంపెనీని స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా ఒకప్పుడు ఐడీపీఎల్ ఉద్యోగే. పని నేర్పిన ప్రభుత్వ కర్మాగారం, ఆ పనిని సొంతంగా చేసుకోనిచ్చిన చట్టం, సరుకును కొనే పెద్ద దేశం, ఈ మూడూ ఒకే కాలంలో కలిసి రావడమే హైదరాబాదు అదృష్టం.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల మన దేశం కూడా 2005 జనవరి నుంచి మందుల మీదనే పేటెంట్లు ఇవ్వవలసి వచ్చింది. అత్యల్పాభివృద్ధి దేశాలకు మాత్రం ఈ విషయంలో 2033 జనవరి 1 వరకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు నీడలో ఎదిగిన దేశం బంగ్లాదేశ్. 1982లోనే అనవసరపు మందులను నిషేధించి, స్థానిక కంపెనీలకు చోటు కల్పించే ఔషధ విధానాన్ని తెచ్చుకున్న ఆ దేశం, ఈనాడు తన మందుల అవసరాలలో దాదాపు అంతటినీ స్వదేశంలోనే తీర్చుకుంటున్నది. అయినా ముడి ఔషధాలలో అధిక భాగాన్ని దిగుమతి చేసుకుంటున్నది. ఆదోని పాఠకుని ప్రశ్న ఢాకాకు కూడా వర్తిస్తుంది.

ఆఫ్రికాకు పేటెంటు కంటే పెద్ద అడ్డంకి కొనుగోలుదారు. దక్షిణాఫ్రికాలోని ఆస్పెన్ సంస్థ కోవిడ్ టీకాను తన సొంత పేరుతో అమ్ముకోవడానికి 2022లో లైసెన్సు సంపాదించింది. ఆఫ్రికా గడ్డ మీద టీకా తయారవుతుందని ఖండమంతా సంతోషించింది, కానీ ఒక్క ఆర్డరు కూడా రాలేదు. ఈ సంఘటనను మీ తరగతి గదిలో తప్పక చర్చించమని కోరుతున్నాను. యంత్రాలు ఉన్నాయి, పనివాళ్లు ఉన్నారు, అనుమతి ఉంది. కొంటామని ముందుగా రాసిచ్చినవారు లేరు. ఆ ఖండంలో చాలా దేశాల జనాభా మన రాష్ట్ర జనాభా కంటే తక్కువ కనుక, ఏ ఒక్క దేశపు అవసరమూ పెద్ద కర్మాగారాన్ని పోషించలేదు. పలు దేశాలు కలిసి కొనాలి, ఒక దేశం ఇచ్చిన అనుమతిని పొరుగు దేశం గుర్తించాలి. 2021లో ఒప్పందం అమలులోకి వచ్చి, రువాండా రాజధాని కిగాలీ కేంద్రంగా ఏర్పడిన ఆఫ్రికా ఔషధ సంస్థ ఉద్దేశం ఇదే.

నాణ్యతను పరీక్షించే వ్యవస్థ బలంగా లేకపోతే మందు విషమవుతుంది. 2022లో గాంబియాలో పదుల సంఖ్యలో పసిపిల్లల మరణాలకు మన దేశం నుంచి వెళ్లిన దగ్గు సిరప్పులతో సంబంధం ఉన్నట్టు బయటపడింది. ఆ సిరప్పులలో డైఈథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. మందును కరిగించే ద్రావణిని వాడే ముందు ప్రతి పీపానూ పరీక్షిస్తే తెలిసిపోయే దోషమది. మన పరిశ్రమను అభిమానించే మనమే ఈ విషయాన్ని ముందుగా మాట్లాడాలి. మీ కోర్సులో ఔషధ విశ్లేషణ పాఠాన్ని మార్కుల కోసం కాక ఆ పిల్లల కోసం చదవండి.

కొత్తదాన్ని సొంతంగా సాధించిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. హెపటైటిస్-బి టీకా సాంకేతికతను ఇవ్వడానికి విదేశీ సంస్థ నిరాకరించగా, వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాదు పరిశోధన సంస్థల ఆసరాతో దానిని స్వయంగా అభివృద్ధి చేసి 1997లో విడుదల చేసింది. అప్పటివరకు సామాన్యులకు అందని ధరలో ఉన్న టీకా ఆ తరువాత ఎంతో దిగివచ్చింది.

ప్రశ్న: మా ఓర్వకల్లు ప్రాంతంలో పరిశ్రమల కోసం వేల ఎకరాలు సేకరించారు. మందుల ఫ్యాక్టరీలు వస్తే మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని కొందరు, మా బోర్లు పాడైపోతాయని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– రైతు, ఓర్వకల్లు మండలం

జవాబు: ఏ రకం ఫ్యాక్టరీ అని ముందుగా అడగండి. మాత్రలు అచ్చువేసి, గొట్టాలు నింపే ఫార్ములేషన్ యూనిట్లకు నీటి వాడకం తక్కువ, వ్యర్థాలూ తక్కువ. ముడి ఔషధం తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్ల విషయం వేరు. వాటికి నీరు విస్తారంగా కావాలి, వాటి వ్యర్థజలాలలో ద్రావణులు, లవణాలు, మందు అవశేషాలు ఉంటాయి. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అటువంటి నీటిలో పెరిగే సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారవుతాయి.

మీ ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి రెండింటినీ 2024లో కేంద్రం పారిశ్రామిక కేంద్రాలుగా ఆమోదించింది. తుంగభద్ర కాలువలో నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే సీమలో, ప్రతి పరిశ్రమకూ నీటి లెక్కే మొదటి లెక్క కావాలి. నా అభిప్రాయంలో ఈ ప్రాంతానికి ఫార్ములేషన్ యూనిట్లు, మందుల పరీక్షా ప్రయోగశాలలు, కెమిస్టులకు పని నేర్పే శిక్షణ కేంద్రాలు బాగా సరిపోతాయి. బల్క్ డ్రగ్ యూనిట్లు వస్తే వద్దని నేను అనను, ఎందుకంటే ఎక్కడో ఒకచోట అవి రావాలని పైన నేనే రాశాను. కానీ వ్యర్థజలాన్ని చుక్క కూడా బయటికి వదలకుండా తిరిగి వాడుకునే ఏర్పాటు ఉత్పత్తి మొదలయ్యే రోజుకే పనిచేస్తూ ఉండాలి.

బల్క్ డ్రగ్ యూనిట్లకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. అయితే పారిశ్రామిక పార్కు మొత్తానికి అనుమతి వచ్చిన తరువాత, లోపలికి వచ్చే ఒక్కొక్క ఫ్యాక్టరీకి విడిగా ప్రజాభిప్రాయ సేకరణ జరగకపోవచ్చు. అందువల్ల పార్కు కోసం జరిగే సభకే మీ ఊరివాళ్లంతా వెళ్లండి. నీరు ఏ కాలువ నుంచి, రోజుకు ఎంత తీసుకుంటారో, కరువు ఏడాదిలో ముందుగా ఎవరికి కోత పెడతారో అడిగి, జవాబును సభా నివేదికలో నమోదు చేయించండి. అంతకు ముందే మీ బోర్ల నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తేదీ వేసిన ఆ కాగితాలను పంచాయతీ కార్యాలయంలో ఒక ప్రతి, మీ ఇంట్లో ఒక ప్రతి భద్రపరచండి. రేపు నీటి రంగు మారిందని మీరు ఫిర్యాదు చేస్తే, ముందు ఎలా ఉండేదని అధికారులు అడుగుతారు.