స్పారింగ్ రోజొస్తే కడుపుల తిప్పుతుంది సార్, ఏం చెయ్యాలె?

ప్రశ్న: సార్ నమస్తే. మాది హన్మకొండ, డిగ్రీ సెకండియర్. నాలుగు నెలల నుంచి బాక్సింగ్ నేర్చుకుంటున్న. బ్యాగ్ మీద, ప్యాడ్స్ మీద మంచిగనే కొడ్తున్నవని మా కోచ్ సార్ కూడా అన్నడు. పోయిన వారం మొదటిసారి స్పారింగ్‌కి (ఎదురుంగ మనిషిని పెట్టి ప్రాక్టీస్ ఆడిపించుడు) దింపిండు, అవతల మూడేండ్ల నుంచి ఆడుతున్న అన్న. ఒక్క జాబ్ (ముందు చేత్తోటి నేరుగ కొట్టే పంచ్) ముక్కు మీద పడంగనే కండ్లు మూసుకుపోయినయ్, నేర్చుకున్నది ఒక్కటి యాదికి రాలె, తల కిందికేసి గుడ్డిగ చేతులు ఊపిన, నిమిషానికే ఆయాసం. కోపమొచ్చి గట్టిగ కొట్టిన, ఆ అన్న అంతకన్న గట్టిగ ఇచ్చిండు. రాత్రి దాకా తల నొచ్చింది. నాకు బాక్సింగ్ సెట్ కాదంటరా?

జవాబు: తమ్మీ, సెట్ అయితదా కాదా తర్వాత, ముందుగాల ఆ తలనొప్పి సంగతి మాట్లాడుకుందాం. దెబ్బలు తిన్న రోజు రాత్రి దాకా తల నొచ్చిందంటే కంకషన్ (దెబ్బకు లోపల మెదడు అదురుడు) ఏమో అని అనుమానించాలె. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటరు చాలా మంది, అట్లేం లేదు, నిలబడి మాట్లాడుతున్నా అయితది. ఇప్పటికీ తల బరువుగ ఉన్నా, వెలుతురు చూస్తే ఇబ్బందైనా, చదివింది బుర్రకెక్కకపోయినా డాక్టర్‌కి చూపించుకో, డాక్టర్ సరే అనేదాకా స్పారింగ్ బంద్. స్కాన్‌ల ఏం లేదన్నరు గదా అని మళ్ల దిగకు, కంకషన్ చాలాసార్లు సీటీ స్కాన్‌ల కనపడదు. వాంతులైనా, ఒకటి రెండుగ కనపడినా, మాట తడబడినా, లేపితే లేవనంత మత్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలె. పోటీలల్ల తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయిన బాక్సర్‌ని కనీసం 30 రోజులు రింగ్‌లకు రానియ్యరు, ఎంత పెద్ద ఆటగాడైనా అంతే, మరి నాలుగు నెలల పిలగానివి నీకెందుకు తొందర?

ఇగ కండ్లు మూసుకునుడు. మొఖం మీదికి ఏదన్నా వస్తే రెప్ప పడుడు అందరికీ ఉండేదే, అది పిరికితనం కాదు, మెల్లమెల్లగ అలవాటు చేస్తే తగ్గుతది. నీ దోస్తును ఎదురుంగ నిలబెట్టి నీ గార్డ్ (మొఖం ముందట అడ్డం పెట్టిన చేతులు) మీద, నుదురు మీద గ్లోవ్‌తోటి ఊరికె తట్టమను, నువ్వు మాత్రం తిరిగి కొట్టకు, గదువ కిందికి పెట్టి వాని ఛాతి, భుజాలు చూస్కుంట ఉండు. గ్లోవ్స్ చూస్తే ఆలస్యమైపోతది, చెయ్యి కదిలే ముందు భుజం కదులుతది కాబట్టి అక్కడ చూడాలె. రోజూ రెండు మూడు రౌండ్లు ఇదే చెయ్యి, బోర్ కొట్టినా చెయ్యి. తల కిందికేసుడు మాత్రం వెంటనే మానాలె తమ్మీ, అవతలోడు కనపడడు, కింది నుంచి పైకొచ్చే పంచ్, అదే అప్పర్‌కట్‌కి నీ మొఖం నువ్వే ఇచ్చినట్టు, తల వెనక పక్క దెబ్బ పడే ప్రమాదం ఉంటది, పైగా నడుం కంటే కిందికి వంగితే పోటీల ఫౌల్ కూడా.

నిమిషానికే ఆయాసమెందుకొచ్చిందో చెప్తా. నువ్వు జేఎన్ఎస్ గ్రౌండ్‌ల పది రౌండ్లు ఉరికేటోనివే కావొచ్చు, కానీ భయమైతే మనిషి ఊపిరి బిగపడ్తడు, భుజాలు రాయి లెక్క బిగుసుకుంటయ్, ఇంక దమ్ము యాడిది? పంచ్ పంచ్‌కి ముక్కుతోటి 'స్' అని గాలి వదులుడు షాడో (ఎదురుంగ ఎవ్వరు లేకుండ గాలిల పంచ్‌లు కొట్టుడు) చేసేటప్పుడే అలవాటు చేస్కో, బ్యాగ్ మీద చెయ్యి, ప్యాడ్స్ మీద చెయ్యి, అప్పుడు రింగ్‌ల గూడ అదే వస్తది.

నేర్చుకున్నది యాదికి రాలె అన్నవు కదా, బ్యాగ్ తిరిగి కొట్టదు, నడవదు, అందుకే అక్కడ వచ్చిన నాలుగు పంచ్‌ల కాంబినేషన్ మనిషి ముందట రాదు, ఎవ్వరికీ రాదు. దానికి మధ్యల మెట్లున్నయ్. ముందు అవతలోడు జాబ్ మాత్రమే వేస్తడు, నువ్వు ఆపుడు, తప్పించుకునుడు, ఒక అడుగు ఎనుకకేసుడు, అంతే. తర్వాత ఇద్దరూ జాబ్ మాత్రమే. అది కుదిరినంక తల ముట్టకుండ బాడీ స్పారింగ్, ఇది నాకు చాలా ఇష్టం, దూరం తెలుస్తది, దెబ్బ తగిలినా నిలబడుడు తెలుస్తది, తలకు ప్రమాదం ఉండదు. అన్ని పంచ్‌లతోటి స్పారింగ్ ఆ తర్వాతి మాట, అది కూడా మెల్లగ. మీ కోచ్ సార్‌ని అడుగు, సార్ నాకు ఇంకో నెల జాబ్ స్పారింగే పెట్టుండ్రి అని, సిగ్గు పడకు, మంచి కోచ్ అయితే సంతోషపడ్తడు.

సీనియర్‌తోటి దింపుడే తప్పనను. ఇద్దరు కొత్తోళ్లను దింపితే ఇద్దరూ భయపడి ఇద్దరూ బాదుకుంటరు, చెయ్యి మీద కంట్రోల్ ఉన్న సీనియర్ అయితే తాకి వదిలేస్తడు, నువ్వు గార్డ్ దించిన చోట తట్టి చూపిస్తడు. కానీ కొత్తోడు కోపంతోటి కొడ్తే సీనియర్ అంతకంటే గట్టిగ ఇచ్చుడు, పక్కనున్నోళ్లు చూస్కుంట ఊకునుడు, అది తప్పు, ఆ రౌండ్ అక్కడనే ఆపాల్సింది. ఈసారి దిగే ముందే చెప్పు, అన్నా మెల్లగ ఆడుదాం, నేను నేర్చుకోవాలె అని. మధ్యల వేడి పెరుగుతుందనిపిస్తే ఎనుకకు జరిగి చెయ్యి లేపు, గ్లోవ్ గ్లోవ్ తాకించి మళ్ల షురూ చెయ్యుండ్రి. స్పారింగ్‌ల గెలుపు ఓటమి రాసిపెట్టేటోడు ఎవ్వడు లేడు.

సామాన్ల ముచ్చట. పోటీలల్ల 10, 12 ఔన్సుల గ్లోవ్స్ ఉంటయ్ గానీ స్పారింగ్‌కి 16 ఔన్సులవి వాడాలె, బ్యాగ్ కొట్టి కొట్టి లోపల స్పాంజి అణిగిపోయినవి అసలే వద్దు. మౌత్ గార్డ్ వేడి నీళ్లల్ల ముంచి పండ్లకు సరిపడ కొరికి చేసుకునేది తీస్కో, ఒకలది ఒకలు వాడకుండ్రి. హెడ్ గార్డ్ ఉంది గదా ఏం కాదు అనుకోకు, అది కనుబొమ్మ చీలకుండ ఆపుతది, లోపల మెదడు అదురుడును ఆపలేదు. రియో 2016 ఒలింపిక్స్‌ల మగవాళ్లు హెడ్ గార్డ్ లేకుండనే ఆడిండ్రు. నువ్వు మాత్రం పెట్టుకునే దిగు.

ప్రశ్న: సార్, మాది కరీంనగర్. మా పాప తొమ్మిదో తరగతి, బాక్సింగ్ అంటే పాణం. వాళ్ల దగ్గర వేరే ఆడపిల్లలు లేరని మగపిల్లలతోటి స్పారింగ్ పెడ్తున్నరు, నాకేమో భయమైతుంది. పంపాల్నా వద్దా?

జవాబు: పంపుండ్రి అక్కా, కాకపోతే మీరొకసారి పోయి కూసొని చూడుండ్రి. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ షురూ చేసినప్పుడు కూడా అక్కడ ఆడపిల్లలు లేరు, మగపిల్లలతోటే ఆడింది, మొదట్ల మొఖం నెత్తురుతోటి ఇంటికొస్తే వాళ్లమ్మ ఏడ్చింది. ఆ బిడ్డనే 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల ప్రపంచ ఛాంపియన్ అయింది. మీ పాప దెబ్బలు తినాలె అని కాదు నేను చెప్పేది, ఆ రోజుల కంటే ఇప్పుడు జాగ్రత్తలు ఎక్కువ తెలుసు, అవి అడిగి తీస్కోవాలె. ఎదుటి పిలగాని బరువు దగ్గర దగ్గరగ ఉండాలె, వాడు పాపను ఓడించాలె అని కాకుండ ఆడిపించేటోడు కావాలె, కోచ్ రింగ్ పక్కనే ఉండాలె ఫోన్ చూస్కుంట కాదు, ఛాతికి గార్డ్, హెడ్ గార్డ్ తప్పనిసరి. ఇయ్యాల వద్దు అని పాప అంటే ఆ రోజు వద్దే, ఎందుకే అని కూడా అడగొద్దు.

ప్రశ్న: గోదావరిఖనిల సింగరేణి ఉద్యోగిని, వయసు 41. ఇప్పుడు స్పారింగ్ నేర్చుకోవచ్చా?

జవాబు: నేర్చుకోవచ్చు అన్నా. ఎలైట్ (పెద్దల) పోటీలకు 40 ఏండ్ల దాకనే, అది అటుంచుండ్రి, ఆట కోసం ఆడుండ్రి. బీపీ, గుండె, కండ్లు ఒకసారి పరీక్ష చేయించుకోండ్రి, తల వదిలేసి బాడీ స్పారింగ్ వరకే ఉంటే మీ వయసుకు మంచిది. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర లేకుండ మాత్రం రింగ్‌లకు పోకుండ్రి, ఆ రోజు స్కిప్పింగ్ తాడు చాలు.