గ్యాస్ దీపాల కాలం వెలుగు స్టేజీ మీద రావాలంటే

నమస్తే అండి. మీ నాటికలో 1870ల లండన్ థియేటర్ సీను ఎల్ఈడీ పార్ లైట్ల (స్టేజీకి వాడే డబ్బా లాంటి లైట్ల) కింద పెళ్లి మంటపంలా తెల్లగా కొడుతోందని రాశారు. రంగు ఒక్కటే మారిస్తే సరిపోదండి, వెలుగు వచ్చే దిక్కు కూడా మార్చాలి.

లండన్‌లో డ్రూరీ లేన్ థియేటర్‌కు 1817లోనే గ్యాస్ దీపాలు వచ్చాయి. సవాయ్ థియేటర్ మొత్తానికి కరెంటు దీపాలు పెట్టింది 1881లో. అంటే మీ సీను అచ్చంగా గ్యాస్ కాలానిది. అప్పట్లో స్టేజీ అంచున నేల మీద వరసగా దీపాలుండేవి. వెలుగు కింది నుంచి ముఖం మీద పడేది, గడ్డం, కనుబొమలు మెరిసేవి, నీడలు వెనక తెర మీదికి పాకేవి.

అలాంటి వరస కోసం మేము ఒకసారి రేకు గొట్టాన్ని నిలువునా చీల్చి, అందులో పసుపు రంగు మామూలు బల్బులు వరసగా బిగించి, వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్‌కు కలిపాం. రేకు ప్రేక్షకుల వైపు అడ్డుగా ఉంటుంది కాబట్టి వాళ్ల కళ్లలో కొట్టదు. పై లైట్లు బాగా తగ్గించండి. ఎల్ఈడీలే వాడాలంటే 2700 కెల్విన్‌వి, అంటే పసుపు ఛాయ వెలుగువి, తీసుకోండి. మినుకుమినుకుమనే ఎఫెక్ట్ మాత్రం వద్దు, గ్యాస్ మంట అంతలా ఊగదు.

హీరోయిన్ ప్రవేశానికి లైమ్‌లైట్ కావాలన్నారు కదా. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో దాన్ని 1837లోనే వాడారు. ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో సున్నపు ముక్కను కాలిస్తే తెల్లగా వెలిగేది. పక్కనే మనిషి కూర్చుని ఆ ముక్కను తిప్పుతూ ఉండాలి. దాని బదులు మీకు ఒక్క ఫాలో స్పాట్ (నటుల వెంట తిప్పే లైటు) చాలు. అంచు కాస్త మెత్తగా పెట్టి, పక్క నుంచి, ఎత్తు నుంచి వేయండి.

ఆ కాలపు థియేటర్‌లా అనిపించాలంటే ప్రేక్షకులు కూర్చునే హాలు పూర్తిగా చీకటి చేయకండి.