ఎమ్మెల్యే ఓటు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. తమ్ముడికి చిన్నప్పుడే పోలియోతో కాలు చచ్చుబడింది. నెలకు 6,000 రూపాయల పింఛను వచ్చేది. రీవెరిఫికేషన్‌లో వైకల్యం 35 శాతమే అని రాసి ఆపేశారు. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. ఓట్లకు మా గడప తొక్కిన ఎమ్మెల్యేనే అసెంబ్లీలో ఈ కోతలకు ఓటేశాడని ఊళ్లో అంటున్నారు. ఆయన మీద కేసు వేయొచ్చా? చిత్తూరులో ఒకాయన 15,000 ఇస్తే 80 శాతం సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. ఎంపీడీవోకు అప్పీలు చేసుకోమని నోటీసిచ్చి నాలుగు నెలలైంది, దేవుడి పటం వెనక పెట్టాం.

జవాబు: వేయలేరు. శాసనసభలో వేసిన ఓటుకు సభ్యుడి మీద ఏ కోర్టులోనూ కేసు నడవదని రాజ్యాంగం 194(2) అధికరణ చెబుతోంది. లంచం తీసుకుని ఓటేస్తే ఆ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో సీతా సోరెన్ కేసులో తేల్చింది. అది మీ కథ కాదు. పైగా సభలో ఎక్కువగా మూజువాణి ఓటే, అంటే నోటితో అవును, కాదు అనడమే. ఎవరు అవునన్నారో పేరుపేరునా రికార్డులో దొరకదు. ఊళ్లో అనుకునే మాట సాక్ష్యం కాదు.

మీ కేసును తేల్చేది మీరు చివర్లో రాసిన ఆ నోటీసు. నోటీసే లేకుండా పింఛను ఆపి ఉంటే, మా మాట వినలేదని గట్టిగా వాదించవచ్చు. మీరు నోటీసు తీసుకుని నోరు మెదపలేదు. గడువున్న కాగితాన్ని పటం వెనక పెడతారా అమ్మా?

ఆ 15,000 మనిషి జోలికి వెళ్లకండి. వికలాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఫోర్జరీ కేసు వేరే. అప్పుడు తమ్ముడి నిజమైన వైకల్యాన్ని కూడా ఎవరూ నమ్మరు.

పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి, దానికి మీకు తక్కువైంది ఐదే. ఆ 35 ఎలా వచ్చిందో ముందు తెలుసుకోండి. కొలతల షీటు నకలు కోసం సమాచార హక్కు కింద తమ్ముడి పేరుతోనే అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కండరాల బలం చూశారా, కాలు ఎంత పొట్టిగా ఉందో కొలిచారా? వదిలేసి ఉంటే అదే మీ వాదన. షీటు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే అప్పీలు వేయండి. ఆలస్యం ఎందుకైందో ఉన్నదున్నట్టు రాసి, మన్నించమని, మళ్లీ పరీక్ష చేయించమని అడగండి. పాత సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు జతచేసి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే ఇవ్వండి. కానీ అది అప్పీలు కాదు, గడువును ఆపదు.

అప్పీలులోనూ కాదంటే హైకోర్టులో రిట్ ఉంది, అంటే ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్. దానికి చట్టంలో గడువు లేకపోయినా, ఇన్నాళ్లు ఏం చేశారని జడ్జి అడుగుతారు. ఫీజు గురించి టెన్షన్ వద్దు. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నోటీసును కవరుతో సహా తీసుకెళ్లండి. దాని మీద మీకు అందిన తేదీ ముద్ర ఉండొచ్చు.