ఆ రంగులు నిజమా అని అడిగిన అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి తోట, కొంచెం వరి ఉన్నాయి. ఈ వేసవిలో రాజమహేంద్రవరంలో గాలితో ఉబ్బించిన గుమ్మటం కింద చాపల మీద పడుకుని అంతరిక్ష టెలిస్కోపు చిత్రాలు చూసే ప్రదర్శనకు ఇంటిల్లిపాదీ వెళ్లాము. పదో తరగతి పూర్తయిన మా అమ్మాయి ఆనాటి నుంచి అంతరిక్షమే చదువుతానని పట్టుపట్టింది. ఏరోస్పేస్ ఇంజనీరింగా, అందరిలా కంప్యూటర్ సైన్సా, ఐసర్ వంటి కేంద్ర సైన్సు విద్యాసంస్థలో సైన్సా? ఒక అకాడమీ వారు ‘స్పేస్ ఫౌండేషన్’ పేరుతో రెండేళ్ల ఫీజు ముందే కట్టమంటున్నారు. ప్రదర్శన మధ్యలో ‘ఆ రంగులు నిజమేనా’ అని పదేపదే అడుగుతుంటే గదమాయించి కూర్చోబెట్టాను. అసలు తీసుకెళ్లడమే పొరపాటేమో అనిపిస్తోంది. – ఒక తండ్రి

జవాబు: చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు తరువాత ఇటువంటి ఉత్తరాలు నాకు విరివిగా వస్తున్నాయి. వాటిలో కోర్సుల పేర్లు మారుతుంటాయి గాని, అడుగున ఉన్న భయం మాత్రం ఒక్కటే: పిల్ల ఏదో మోజులో పడి, పదేళ్లు ఎక్కడో దూరాన చదివి, చివరకు చేతిలో ఉద్యోగం లేకుండా తిరిగి వస్తుందేమోనని. కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను. మీరు అడిగిన మూడు దారులకూ ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. ఒక్కటే గుమ్మం. ఇప్పుడు మీరు తేల్చవలసినది అంతవరకే, మిగిలినదానికి రెండేళ్ల గడువు ఉంది. ప్రదర్శనకు తీసుకెళ్లి మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు.

పోగొట్టుకున్నది ఏమైనా ఉంటే, ఆ ప్రశ్నను నోరు మూయించిన క్షణంలో పోగొట్టుకున్నారు. గుమ్మటం కింద పడుకున్న వారందరూ అబ్బురపడతారు, అందులో విశేషం లేదు. కళ్లు చెదిరే చిత్రాన్ని చూస్తూ దాన్ని శంకించడమే ఈ శాస్త్రానికి కావలసిన బుద్ధి, అది మీ అమ్మాయిలో కనిపించింది. ఆమెకు జవాబు నేను చెబుతాను, మీరు చదివి వినిపించండి. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి, ప్రధానంగా మన కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టుకుంటుంది. కొన్ని తరంగాలనే లోపలికి వదిలే ఒక్కో ఫిల్టరు గుండా వచ్చేది నలుపు తెలుపు చిత్రమే. పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టి తరంగాలకు నీలం చొప్పున వరుస తప్పకుండా రంగులు కేటాయించి, నిపుణులు వాటిని ఒక్కటిగా కలుపుతారు. అంటే ఆ రంగులు మన కన్ను చూసేవి కావు, అలాగని కల్పించినవీ కావు. ఆ కలిపే పని కూడా ఒక ఉద్యోగమే.

మరొక సంగతి. 2022 జులై 12న ప్రపంచం ముందు పెట్టిన వెబ్ తొలి ఫలితాలు అయిదింటిలో నాలుగే చిత్రాలు, అయిదోది ఒక వంకర గీత. మరో నక్షత్రం చుట్టూ తిరిగే వాస్ప్-96 బి అనే గ్రహపు వాతావరణం గుండా వచ్చిన ఆ నక్షత్ర కాంతిని విడదీసి గీసిన ఆ వర్ణపటంలో నీటి ఆవిరి జాడ దొరికింది. శాస్త్రవేత్తల రోజులు గడిచేది ఎక్కువగా అటువంటి గీతలతోనూ, వాటి వెనుక ఉన్న అంకెలతోనూ, కంప్యూటరు ప్రోగ్రాములతోనూ. ఆ గీతను మీ అమ్మాయికి చూపించి, ఆమె దాని ముందు ఎంతసేపు కూర్చుంటుందో గమనించండి.

ఇక ఏరోస్పేస్ గురించి నా అనుమానాలు దాచుకోను. విమానాలు, రాకెట్ల నిర్మాణం, గాలి ప్రవాహం, ఇంజన్లు ఇందులో చదువు, నీహారికలు కావు. గుమ్మటంలో నక్షత్రాలను చూసి ముచ్చటపడిన పిల్లను ఈ శాఖలో చేర్చడం, పేరులో పోలిక చూసి పెళ్లి సంబంధం ఖాయం చేసుకున్నట్టే ఉంటుంది. పైగా, ఇస్రోకు ఇదే రాజమార్గమన్న నమ్మకం మన జిల్లాలలో బాగా పాతుకుపోయింది. ఇస్రో శాస్త్రవేత్త/ఇంజనీరు నియామక ప్రకటనలను తెరిచి చూస్తే ఎక్కువగా పిలిచేది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులనేనని మీకే తెలుస్తుంది. గాలి ప్రవాహాన్ని పరీక్షించే విండ్ టన్నెల్ కూడా సరిగా లేని కళాశాల, బోర్డు మీద రాకెట్టు బొమ్మ వేసి ఈ శాఖను అమ్ముతుంటే, సీటు దొరికిందని సంబరపడి లక్షలు కట్టే తల్లిదండ్రులను చూసి నాకు కోపం వస్తుంది. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టి సంగతి వేరు. అక్కడ ఇంజనీరింగ్ ఫిజిక్స్‌తో మొదలుపెట్టి, అయిదేళ్లలో ఖగోళ భౌతికంలో మాస్టర్స్ వరకు వెళ్లే డ్యూయల్ డిగ్రీ ఉంది. మీ అమ్మాయి మోజుకు దగ్గరగా ఉన్న ఇంజనీరింగ్ చదువు అదే. కాని అక్కడ చదివినా ఇస్రో ఉద్యోగానికి హామీ ఉందని అనుకోవద్దు.

ఖగోళ శాస్త్రమే కావాలంటే దారి భౌతిక శాస్త్రం గుండా పోతుంది. తిరుపతి ఐసర్, బెంగళూరు ఐఐఎస్సీ వంటి చోట్ల డిగ్రీ, ఆపైన పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా గాని, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ గాని వంటి చోట పీహెచ్‌డీ. మొత్తం పదేళ్లకు అటూ ఇటూ పడుతుంది. పరిశోధన మొదలైన నాటి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది కనుక అక్కడి నుంచి మీ తోట మీద పెద్దగా బరువు పడదు. శాశ్వత పదవులు తక్కువన్నది నిజమే. అయితే అన్నేళ్లు అంకెలతో, ప్రోగ్రాములతో కుస్తీ పట్టినవారు డేటా రంగంలో ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. కంప్యూటర్ సైన్సు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. భౌతికం మీద ఇష్టం నిలవకపోతే ఆ దారి ఎలాగూ ఉండనే ఉంటుంది.

మీ ఉత్తరంలో అకాడమీ మాట ఉంది, ఫీజు మాట ఉంది, అమ్మాయికి లెక్కలంటే ఇష్టమా కాదా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పరీక్షలో వచ్చిన మార్కుల గురించి నేను అడగడం లేదు. తేలని లెక్క ఉంటే అన్నం పక్కన పెట్టి మళ్లీ దాని దగ్గరకే వెళుతుందా? ఇది అకాడమీ వారికి తెలియదు, మీకు తెలిసి ఉండాలి. అదే మగపిల్లవాడయితే, ‘దూరాన చదివి’ అన్న భయం ఇంత ఉండేదా అని కూడా ఒకసారి మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

అకాడమీకి ఒక్క రూపాయి కట్టవద్దు. ఆ పేరు గల పరీక్ష ఏదీ లేదు, చెప్పేది మామూలు ఎం.పి.సి. పాఠమే. ఆ డబ్బులో కొద్ది భాగంతో 7x50 బైనాక్యులర్ (ఏడు రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకం 50 మిల్లీమీటర్లు) కొనండి. కార్తికంలో చీకటి పడగానే, రొయ్యల చెరువుల దీపాలకు దూరంగా నిలబడితే, మన పెద్దలు పిల్లలకోడి అన్న కృత్తికలు తూర్పున కనిపిస్తాయి. ఇంట్లో లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు, వెబ్ ముడి చిత్రాలలో చాలా భాగం ‘మాస్ట్’ అనే ఆర్కైవులో ఉచితంగా దొరుకుతాయి, వాటిని తెరిచే సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే. మూడు ఫిల్టర్ల చిత్రాలు దించుకుని, వాటికి తానే రంగులు వేసి చూడమనండి. రెండు మూడు నెలల తరువాత కూడా ఆ పని వదలకపోతే, ఏ దారి అన్న ప్రశ్నతో మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి మీరు కాకుండా ఆమెనే రాయనివ్వండి.